హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఎందుకు విఫలమవుతుంది, అలా జరగకుండా ఏం చూసుకోవాలి

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ వైఫల్యం మూడు రకాలుగా బయటపడుతుంది. నాటిన కుదుళ్లు మొలవకపోవడం మొదటిది. మొలిచినా, చూసిన వెంటనే ఇది నాటిన జుట్టు అని తెలిసిపోవడం రెండోది. నాటిన జుట్టు నిలిచి, దాని వెనక ఉన్న సొంత జుట్టు మాత్రం ఊడిపోతూ వచ్చి, కొన్నేళ్లకు నుదుటి మీద ఒక్క వరుస మాత్రమే మిగలడం మూడోది. మొదటిదానికి కారణాలు ఎక్కువగా ఆపరేషన్ గదిలో ఉంటాయి. మిగతా రెండింటికీ బీజం అంతకంటే ముందే, ఎవరికి చేయాలి, ఎన్ని గ్రాఫ్టులు (నాటే కుదుళ్ల గుత్తులు) వాడాలి, ముందు వరుస ఎక్కడ గీయాలి అని నిర్ణయించిన రోజునే పడుతుంది. చాలామంది ఆపరేషన్ తరువాత ఏ షాంపూ వాడాలి, ఎలా పడుకోవాలి అన్నవాటి గురించే ఎక్కువగా ఆలోచిస్తారు కానీ, ఫలితాన్ని నిజంగా తేల్చేది ఆ తొలి నిర్ణయమే.

వెనక జుట్టు ఎంత ఉంది, ఎంత అవసరమవుతుంది

తల వెనక, పక్కల ఉండే జుట్టుకు బట్టతలను తెచ్చే హార్మోన్ ప్రభావాన్ని తట్టుకునే గుణం ఉంటుంది. ఆ కుదుళ్లను తీసి ముందు నాటితే అవి పుట్టిన చోటి గుణాన్నే నిలుపుకుంటాయని న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రచురించిన పత్రంలో వివరించారు. ఈ చికిత్సకు ఇప్పటికీ అదే పునాది. దీనికి రెండో వైపు కూడా ఉంది: వెనక జుట్టే పలచబడుతున్న మనిషికి అక్కడి నుంచి తీసి నాటినది కూడా కాలక్రమంలో పలచబడుతుంది. అందువల్ల సంప్రదింపులో డాక్టరు మొదట పరీక్షించవలసింది బట్టతలను కాదు, వెనక భాగాన్ని. కెమెరా ఉన్న చిన్న భూతద్దం పెట్టి, చదరపు సెంటీమీటరుకు ఎన్ని గుత్తులున్నాయి, వాటిలో సన్నబడినవి ఎన్ని అని లెక్క చూడాలి. ఆ పరీక్ష చేయకుండానే గ్రాఫ్టుల సంఖ్య చెప్పేసే చోట చేయించుకోకపోవడమే మంచిది.

జుట్టు ఒక్కొక్క వెంట్రుకగా కాక, ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలున్న గుత్తులుగా మొలుస్తుంది. అలాంటి ఒక్కో గుత్తిని గ్రాఫ్టు అంటారు. సహజంగా తల మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 65 నుంచి 85 గుత్తులు ఉంటాయి. అందులో దాదాపు సగం పోయేదాకా పలుచన పెద్దగా కంటికి ఆనదు, కాబట్టి నాటేటప్పుడు 40 దాకా ఉంటే చూపుకు సరిపోతుంది. ఇప్పుడు లెక్క వేయండి. బట్టతల పూర్తిగా ముదిరిన మనిషికి ఖాళీ అయ్యే విస్తీర్ణం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉండవచ్చు. దాన్నంతా 40 చొప్పున నింపాలంటే 8000 గ్రాఫ్టులు కావాలి. వెనక భాగం పాడుకాకుండా జీవితం మొత్తంలో తీయగలిగినవి సాధారణంగా 4000 నుంచి 6000 మధ్యే ఉంటాయి. ఒకసారి తీసిన చోట మళ్లీ మొలవదు. అంటే బట్టతల ముదిరే అవకాశం ఉన్న మనిషికి తల అంతటా ఒత్తైన జుట్టు ఇస్తామన్న మాట లెక్కకే నిలవదు. ముఖానికి చట్రంలా ఉండే ముందు భాగానికి, నడినెత్తికి ప్రాధాన్యం ఇచ్చి, సుడి దగ్గర పలుచగా వదలడమే చాలామందికి సరైన ప్రణాళిక.

వెంట్రుక మందం కూడా ఈ లెక్కలోకి రావాలి. 80 మైక్రాన్ల మందమున్న వెంట్రుక అడ్డుకోత వైశాల్యం 60 మైక్రాన్ల వెంట్రుకకు దాదాపు 1.8 రెట్లు ఉంటుంది. అందుకే ఒకే సంఖ్యలో గ్రాఫ్టులు నాటించుకున్న ఇద్దరిలో ఒకరికి నిండుగా, మరొకరికి బోసిగా కనిపిస్తుంది. స్నేహితుడి ఫలితం చూసి అన్నే గ్రాఫ్టులు కావాలని అడగడంలో అర్థం లేదు. ధర చెప్పేటప్పుడు కొందరు గ్రాఫ్టులకు బదులు వెంట్రుకల లెక్క చెబుతారు. ఆ అంకె రెట్టింపుగా వినిపిస్తుంది కాబట్టి, చెబుతున్నది గ్రాఫ్టులా వెంట్రుకలా అని అక్కడికక్కడే తేల్చుకోవాలి.

ఎవరు ఆగాలి

ఇరవై మూడేళ్ల యువకుడికి కణతల దగ్గర జుట్టు వెనక్కి పోయి ఉంటుంది. పదహారేళ్లప్పుడు ఉన్న ముందు వరుసే మళ్లీ కావాలంటాడు. డబ్బు తీసుకుని అలాగే గీసి నాటే చోట్లకు కొదవ లేదు. అతని బట్టతల ఎక్కడిదాకా వెళుతుందో ఆ వయసులో చెప్పడం కష్టం. హామిల్టన్ 1951లో, నార్వుడ్ 1975లో క్రమబద్ధం చేసిన బట్టతల దశల పట్టిక ఇప్పుడు ఏ దశలో ఉన్నాడో చెబుతుంది తప్ప ఎక్కడ ఆగుతాడో చెప్పదు. అతనికి నలభై ఏళ్లు వచ్చేసరికి ఆ కుర్రతనపు ముందు వరుస అలాగే ఉండి దాని వెనక అంతా ఖాళీ అయితే, నింపడానికి వెనక నిల్వ మిగలదు. ఇరవై అయిదేళ్లలోపు వారికి ముందు మందులతో ఊడటం నిలకడకు తెచ్చి, ఆ తరువాతే ఆపరేషన్ గురించి ఆలోచించడం మేలు.

ముందు వరుసను కనుబొమల మధ్య బిందువు నుంచి సుమారు 7 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తున, కణతల దగ్గర కొంచెం వెనక్కి తగ్గించి గీయడం వయసు పెరిగినా నప్పుతుంది. తరువాత కిందికి జరపాలంటే మరికొన్ని గ్రాఫ్టులు చాలు. పైకి జరపాలంటే మాత్రం నాటినవాటిని తవ్వి తీయాలి, లేదా లేజరుతో పోగొట్టాలి.

కొన్ని జబ్బుల్లో నాటినవి చాలాసార్లు నిలవవు. లైకెన్ ప్లానోపైలారిస్, ఫ్రంటల్ ఫైబ్రోసింగ్ అలోపీషియా లాంటివాటిలో శరీరపు రోగనిరోధక వ్యవస్థ కుదుళ్లను చంపి మచ్చ మిగులుస్తుంది, కొత్తగా నాటినవాటినీ వదలకపోవచ్చు. దురద, మంట, కుదురు చుట్టూ ఎర్రదనం, పొట్టు, రంధ్రాలు మూసుకుపోయి నున్నగా మెరిసే చర్మం వీటి ఆనవాళ్లు. పైకి మామూలు బట్టతలలాగే కనిపించి మోసం చేసే సందర్భాలు కూడా ఉంటాయి కాబట్టి, ఏ చిన్న అనుమానం ఉన్నా చర్మం ముక్క తీసి బయాప్సీ చేయించాలి. పేనుకొరుకుడు చురుగ్గా ఉన్నప్పుడూ నాటకూడదు. స్త్రీలలో వెనకతో సహా తల అంతటా పలచబడటం ఎక్కువ కాబట్టి, ముందు ఇనుము నిల్వలు, థైరాయిడ్ చూసుకుని కారణం తేల్చుకోవాలి. జ్వరం, ప్రసవం, కఠినమైన డైటింగ్ తరువాత కొన్ని నెలలకు గుత్తులుగా ఊడే జుట్టు చాలాసార్లు దానంతట అదే తిరిగి వస్తుంది, దానికి కత్తి అక్కర్లేదు.

సొంత జుట్టును కాపాడుకోవడం

ట్రాన్స్‌ప్లాంట్ ఉన్న జుట్టును ఇటు నుంచి అటు మారుస్తుందే తప్ప ఊడటాన్ని ఆపదు. మూడో రకం వైఫల్యానికి మూలం ఇదే. పురుషులకు రోజుకు 1 మిల్లీగ్రాము ఫినాస్టరైడ్, తలకు రాసే మినాక్సిడిల్ ఈ పనికి ప్రధానమైన మందులు. వీలైతే ఆపరేషన్‌కు ఆరు నెలల నుంచి ఏడాది ముందే మొదలుపెట్టి ఫలితం చూడాలి. కొందరికి దానితోనే ఆపరేషన్ అవసరం వాయిదా పడుతుంది. ఫినాస్టరైడ్ వల్ల కొద్దిమందిలో లైంగిక సమస్యలు, దిగులు రావచ్చు. ప్రొస్టేట్ పరీక్షలో పీఎస్ఏ అంకె దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి ఆ పరీక్ష చేయించేటప్పుడు మందు వాడుతున్న సంగతి చెప్పాలి. గర్భిణులు విరిగిన మాత్రలను ముట్టుకోకూడదు. ఈ మందులు ఎన్నాళ్లు వాడాలని అడిగితే, జుట్టు నిలవాలనుకున్నన్నాళ్లూ అన్నదే నిజాయితీ గల జవాబు. ఆ మాట నచ్చనివారు ఆపరేషన్ ప్రణాళికను ఇంకా పొదుపుగా వేసుకోవాలి.

ఆపరేషన్ గదిలో కుదురు చచ్చే తీరు

కుదుళ్లు తీసే రెండు పద్ధతుల్లో ఒకటైన ఎఫ్‌యూఈలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ వ్యాసమున్న పంచ్ అనే గుండ్రని కోత పరికరంతో ఒక్కొక్క గుత్తిని విడదీసి లాగుతారు. చర్మం పైన కనిపించే వెంట్రుక వాలు, లోపల కుదురు సాగిన దిశ ఒకటి కాకపోవచ్చు. ఉంగరాల జుట్టులో ఈ తేడా మరీ ఎక్కువ. పంచ్ కోణం తప్పితే కుదురు మధ్యలో తెగిపోతుంది, గ్రాఫ్టుల లెక్కలో మాత్రం చేరిపోతుంది. రెండోదైన ఎఫ్‌యూటీలో వెనక నుంచి ఒక చర్మపు పట్టీని కోసి తీసి, మైక్రోస్కోపు కింద గుత్తులుగా విడదీస్తారు. తెగిపోవడం తక్కువ కానీ గీతలాంటి మచ్చ మిగులుతుంది. ఎఫ్‌యూఈకి మచ్చ ఉండదని చెప్పడం సరికాదు. చుక్కల్లాంటి మచ్చలు ఉంటాయి, పరిమితికి మించి తీస్తే వెనక భాగం చిమటలు కొట్టిన బట్టలా అయిపోతుంది.

బయటికి వచ్చిన గ్రాఫ్టుకు అసలు శత్రువు ఆరిపోవడం. సహాయకుడి గ్లవ్ మీదో, పలచని గాజ్ గుడ్డ మీదో తడి లేకుండా కొద్ది నిమిషాలు ఉంటే చాలు, లోపలి కణాలు దెబ్బతింటాయి. నాటినప్పుడు పైకి మామూలుగానే ఉంటుంది, నెలలు గడిచాక మొలవలేదని తెలుస్తుంది. అందుకే వాటిని చల్లని సెలైన్‌లోనో, ప్రత్యేక ద్రావణంలోనో ముంచి ఉంచాలి. పట్టకారుతో అడుగునున్న బొడిపెను నొక్కకుండా, పక్కనున్న కండను పట్టుకుని నాటాలి. శరీరం బయట ఎంతసేపు ఉందన్నదీ ముఖ్యమే. అమెరికా వైద్యుడు బాబీ లిమ్మర్ చేసిన ఒక చిన్న పరిశీలనలో, చల్లని సెలైన్‌లో ఉంచి 2 గంటలకు నాటినవి 95 శాతం, 6 గంటలకు నాటినవి 86 శాతం, 24 గంటలకు నాటినవి 79 శాతం బతికాయి. ఒకేరోజు నాలుగైదు వేల గ్రాఫ్టులు కూర్చుతామనే చోట చివరి వెయ్యి ఎన్ని గంటలు గిన్నెలో ఉంటాయో, అప్పటికి నాటే చేతులు ఎంత అలసిపోతాయో ఆలోచించుకోవాలి.

గ్రాఫ్టులు నాటడానికి చర్మంలో మరీ దగ్గర దగ్గరగా గంట్లు పెట్టడం ఇంకో ప్రమాదం. చర్మానికి రక్తం అందించే సన్నని నాళాలు ఎక్కువగా తెగిపోతే గ్రాఫ్టులు చావడమే కాదు, అరుదుగా చర్మమే నల్లబడి చచ్చి మచ్చ మిగులుతుంది. పొగతాగేవారికి, అదుపులో లేని మధుమేహం ఉన్నవారికి, ఇంతకుముందు ఆపరేషన్ జరిగి మచ్చలున్నవారికి ఈ ముప్పు ఎక్కువ. సిగరెట్లు కనీసం రెండు వారాల ముందు మాని, తరువాత కూడా రెండు వారాలు దూరంగా ఉండాలి. రక్తం పలచబరిచే మాత్రలను మాత్రం సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టరే చెప్పాలి.

రెండో రకం వైఫల్యంలో ముందు వరుస ఎక్కడన్నది ముందే నిర్ణయమైనా, మిగతాది ఈ గంట్ల దగ్గరే తేలుతుంది. ముందు వరుసలో ఒంటి వెంట్రుక గ్రాఫ్టులే ఉండాలి, రెండు మూడు వెంట్రుకలవి వెనక వరుసల్లోకి వెళ్లాలి. వెంట్రుక ముందుకు వాలి, చర్మానికి దాదాపు ఆనుకున్నంత తక్కువ కోణంలో రావాలి. నిటారుగా, ఒకే గీతలో నాటితే బ్రష్ పళ్లలా కనిపిస్తుంది, అది ఎంత బాగా మొలిస్తే అంత ఎబ్బెట్టుగా ఉంటుంది.

చోటు ఎంచుకునేటప్పుడు

అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటే: గంట్లు ఎవరు పెడతారు, కుదుళ్లు ఎవరు తీస్తారు? డాక్టరు పేరు బోర్డు మీద ఉండి, పనంతా శిక్షణ అరకొరగా ఉన్న సహాయకులు చేయడం ఈ రంగంలో చాలా దేశాల్లో ఉన్న జాడ్యం. అంతర్జాతీయ హెయిర్ రెస్టోరేషన్ సర్జన్ల సంఘం దీని మీద ప్రత్యేకంగా ప్రచారమే నడుపుతోంది. గ్రాఫ్టులు నాటడంలో అనుభవమున్న సహాయకులు చేయి కలపవచ్చు, కానీ రోగిని పరీక్షించడం, ప్రణాళిక, మత్తు ఇంజెక్షన్లు, గంట్లు డాక్టరు చేతిలోనే ఉండాలి. ఆ రోజు ఆయనకు ఇంకెందరు రోగులున్నారో అడగండి. మత్తుమందు మోతాదుకు శరీర బరువును బట్టి ఒక హద్దు ఉంటుంది కాబట్టి, వికటిస్తే ఆదుకునే పరికరాలు, మనుషులు అక్కడ ఉన్నారో లేదో చూడండి.

పాత రోగుల ఫోటోల్లో చూడవలసింది పన్నెండు నెలల తరువాతివి, ముందూ తరువాతా ఒకే వెలుగులో తీసినవి, జుట్టు వెనక్కి దువ్వి ముందు వరుస చూపించేవి. తడి జుట్టుతో ఉన్నవి దొరికితే మరీ మంచిది, పలుచన దాగదు. వెనక భాగపు ఫోటోలు చూపించడానికి వెనకాడితే అనుమానించాలి. ఆపరేషన్ ముగిశాక ఒంటి, జంట, మూడు వెంట్రుకల గ్రాఫ్టులు ఎన్నెన్ని నాటారో రాతపూర్వకంగా తీసుకోండి.

మొదటి పద్నాలుగు రోజులు, ఆ తరువాతి నెలలు

నాటిన కుదురు పట్టు దొరకబుచ్చుకోవడానికి తొమ్మిది పది రోజులు పడుతుంది. అప్పటిదాకా గోకడం, పక్కులు పీకడం, హెల్మెట్, బిగుతు టోపీ, చెమట పట్టే వ్యాయామం వద్దు. మొదటి కొన్ని రాత్రులు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, సెలైన్ చల్లమన్నప్పుడల్లా చల్లుకోవాలి. తలస్నానం డాక్టరు చెప్పిన రోజు నుంచి, నీటి ధార నేరుగా పడకుండా, వేళ్లతో రుద్దకుండా అద్దినట్టు చేయాలి. మూడో రోజు ప్రాంతంలో నుదుటికి, కళ్ల చుట్టూ వాపు దిగడం మామూలే. నాటిన చోట ఒక మచ్చ మేర నీలంగా, నల్లగా మారుతున్నా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, చీము, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

రెండు నుంచి ఆరు వారాల మధ్య నాటిన వెంట్రుకలు దాదాపు అన్నీ రాలిపోతాయి. చుట్టూ ఉన్న సొంత జుట్టు కూడా కొంత రాలవచ్చు. చాలామంది గుండెలు బాదుకునేది ఈ దశలోనే కానీ, లోపల కుదురు విశ్రాంతిలో ఉంటుంది తప్ప పోదు. మూడు నాలుగు నెలలకు సన్నని మొలకలు మొదలై, పన్నెండు నెలలకు ఫలితం తేలుతుంది. సుడి దగ్గర పద్దెనిమిది నెలలు కూడా పట్టవచ్చు. నెలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫోటో తీసుకుంటే అద్దం ముందు పడే అనుమానాల్లో సగం తీరిపోతాయి.

ఏడాది దాటినా మొలవకపోతే, అదే చోట వెంటనే రెండోసారి చేయించుకోకూడదు. ముందు వేరొక చర్మవైద్యుడి దగ్గర భూతద్దపు పరీక్ష, అవసరమైతే బయాప్సీ చేయించి, దాగి ఉన్న జబ్బు లేదని తేల్చుకోవాలి. వెనక నిల్వ ఎంత మిగిలిందో కొలిపించాలి. అక్కడ చాలకపోతే గడ్డం నుంచి కొన్ని గ్రాఫ్టులు తీసి నడినెత్తిలో కలపవచ్చు, కానీ అవి ముతకగా ఉంటాయి కాబట్టి ముందు వరుసలో నప్పవు. నిల్వ అసలే లేనప్పుడు, జుట్టును పొట్టిగా కత్తిరించుకుని చర్మం మీద చుక్కల పచ్చబొట్టుతో పలుచనను, మచ్చలను కప్పే పద్ధతి ఒకటి మిగిలి ఉంటుంది.