దుబాయ్ హోటల్లో గెస్ట్ సర్వీస్ ఉద్యోగమా? ఇవి తెలుసుకుని వెళ్లండి

దుబాయ్ ఫైవ్ స్టార్ హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో అసలు టెన్షన్ పొద్దున్నే మొదలవుతుంది. రాత్రంతా విమానంలో కూర్చుని పిల్లలతో ఆరింటికే దిగిన గెస్టుకు, చెక్‌ఇన్ మధ్యాహ్నం 3కి అని మొహం మీదే చెబితే మండిపోతాడు. అందుకే ముందు మంచినీళ్లిచ్చి, పాస్‌పోర్టులు స్కాన్ చేసుకుని, సామాను బెల్ డెస్క్‌కు పంపి, స్నానానికి జిమ్ దగ్గర షవర్లు చూపించి, రూమ్ రెడీ కాగానే ఫోన్ చేస్తానని నంబర్ తీసుకోండి. చేయండి కూడా, చాలామంది మర్చిపోయేది అదే.

రూమ్ నంబర్ పక్కవాళ్లకు వినబడేలా పైకి చదవకండి, కీ కార్డు కవరు మీద రాసి వేలితో చూపించండి.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. ఫైవ్ స్టార్‌లో టూరిజం దిర్హామ్ అనే ప్రభుత్వ రుసుము కింద గదికి, రాత్రికి 20 దిర్హాములు పడతాయి, ఆన్‌లైన్‌లో అంతా కట్టేశాం అనుకునేవాళ్లకు చాలాసార్లు ఇది తెలియదు. డిపాజిట్ కోసం కార్డులో బ్లాక్ చేసిన డబ్బు, మనం వదిలేసినా బ్యాంకులో కనబడటానికి కొన్ని రోజులు పట్టొచ్చని ముందే చెప్పండి, లేకపోతే చెకౌట్ రోజు గొడవ ఖాయం.

ఇక బయల్దేరే ముందు ఏజెంటు పేరు మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూసుకోండి. వీసా ఖర్చు మిమ్మల్ని కట్టమంటే అనుమానించాల్సిందే, అక్కడి చట్టం ప్రకారం అది యజమాని పెట్టుకోవాలి.