ఎండలు ముదరకముందే నేపియర్ కోత చూసుకోండి

"ఇంకో పది రోజులు ఆగితే ఇంకో బండెడు గడ్డి వస్తుంది." పశువుల మేతకు వేసిన నేపియర్ గడ్డిని కోయకుండా ఒక వేసవిలో నేనూ ఇలాగే లెక్కేసి ఆగాను. గడ్డి మనిషెత్తు దాటింది. గేదెలు కొస ఆకులు ఏరుకుని తిని, కాడలన్నీ తొట్టిలోనే వదిలేశాయి. పాలు తగ్గాయి, టెన్షన్ మిగిలింది.

ఒక నేపియర్ ఆకు తుంచి ఎండకు ఎదురుగా పట్టుకోండి. నోటుబుక్కు రూళ్లలా పొడవునా దగ్గర దగ్గరగా గీతలు కనిపిస్తాయి. అవి ఈనెలు. రెండు ఈనెల మధ్య ఉన్న మెత్తటి కండే పశువు పొట్టలోని సూక్ష్మజీవులకు ముందుగా అందే తిండి. చలికి పెరిగే ఓట్స్ ఆకులో ఆ కండ ఎక్కువ. నేపియర్, గినీ గడ్డి, జొన్నల్లో రెండు మూడు కణాల వరసే. పైగా ప్రతి ఈనె చుట్టూ మందపాటి గోడల కణాలతో ఒక తొడుగు. మన ఎండలో ఇవి అంత జోరుగా పెరిగేది ఆ తొడుగు వల్లే. పశువుకు అరగడం కష్టమయ్యేదీ దాని వల్లే.

వయసుతో ఆ గోడల్లో లిగ్నిన్ (చెక్కకు గట్టిదనం ఇచ్చే పదార్థం) పేరుకుని అవి చెక్కలా గట్టిపడతాయి. వేడికి ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. అందుకే నాటాక మొదటి కోత 60-70 రోజులకు తీసినా, ఆ తర్వాత ప్రతి కోతకూ 40-45 రోజులు దాటనివ్వకండి. చేనంతా ఒకేసారి ముదరకుండా మడులుగా విడగొట్టి వరస తప్పకుండా కోయాలి.

గడ్డిని ముక్కలు చేసే చాఫ్ కట్టర్ యంత్రం ఉందిగా అని ధీమా పడొద్దు. అది కాడను ముక్కలు చేస్తుందే గానీ మెత్తబరచదు. ఏరుకునే వీలు లేక పశువు ఆ చెక్కను కూడా మింగుతుంది, అంతే. దానికన్నా మేతలో అలసంద లాంటి పప్పుజాతి పచ్చిమేత కలిపి వేయడం మేలు. లూసర్న్ అనే పప్పుజాతి మేత అయితే మాత్రం ఖాళీ కడుపుతో మేపకండి, పొట్ట ఉబ్బుతుంది.

ముదిరిపోతుందన్న భయంతో జొన్నను లేతగా కోస్తే అసలుకే ముప్పు. నీళ్లందక వాడిన లేత జొన్నలో, కోశాక వచ్చే పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది. పూత వచ్చేదాకా ఆగండి. పొరపాటున మేసి పశువు వణుకుతూ ఎగశ్వాస తీస్తుంటే ఆ క్షణమే డాక్టరును పిలవాలి.

కోత ఆలస్యమైందో లేదో పేడే చెబుతుంది. ఉదయం కొట్టంలో పేడను కర్రతో విడదీసి చూడండి. పొడవాటి పీచు కనిపిస్తే, పక్క మడికి ఆ రోజే కొడవలి పట్టండి.