జావా మాడ్యూళ్లలో సర్వీస్ లోడ్ కాకపోతే ఎక్కడ వెతకాలి?

నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన బిల్లింగ్ అప్లికేషన్ కస్టమర్ దగ్గరికి వెళ్లాక బిల్లు ప్రింట్ చేయలేదు. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. రెండు రోజులు ప్రింటర్‌నీ కేబుళ్లనీ అనుమానించాక తెలిసింది, మా ప్రింటింగ్ మాడ్యూలే ఇన్‌స్టాలర్‌లోకి ఎక్కలేదని. ఒక ఇంటర్‌ఫేస్‌ని అమలు చేసే క్లాసుల్ని, అంటే ప్రొవైడర్లని, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వెతికి తెచ్చే జావా సర్వీస్‌లోడర్‌తో పెద్ద చిక్కు ఇదే. ప్రొవైడర్ ఒక్కటీ దొరక్కపోయినా దాని దృష్టిలో అది తప్పు కాదు. ఖాళీ జాబితా చేతిలో పెట్టి ఊరుకుంటుంది, మన ఫర్ లూప్ ఒక్కసారి కూడా తిరగదు.

అందుకే ముందుగా లోడ్ చేసే చోట ఎన్ని దొరికాయో లెక్కపెట్టండి. తప్పనిసరి సర్వీస్ సున్నా వస్తే ఇంటర్‌ఫేస్ పేరు చెప్పి అప్లికేషన్‌ని అక్కడే ఆపేయండి. ఆ తర్వాతే కారణం వెతకడం.

1. వాడే మాడ్యూల్‌ని చూడండి. సర్వీస్‌కాన్ఫిగరేషన్‌ఎర్రర్ వచ్చి, అందులో 'డజ్ నాట్ డిక్లేర్ యూజెస్' అని ఉంటే మాడ్యూల్-ఇన్ఫోలో (మాడ్యూల్ ఏం వాడుతుందో, ఏం ఇస్తుందో రాసే ఫైల్) యూజెస్ లైన్ లేదన్నమాట. ఎవరి మాడ్యూల్-ఇన్ఫోలో అన్నది ముఖ్యం. లోడ్ మెథడ్‌ని నేరుగా పిలిచే కోడ్ ఏ మాడ్యూల్‌లో ఉందో, దానిలో ఉండాలి. లోడింగ్ కోడ్‌ని తీసుకెళ్లి కామన్ అనే మాడ్యూల్‌లో పెట్టినవాళ్లు ఎక్కువగా ఇక్కడే తడబడతారు.

2. ఇచ్చే మాడ్యూల్‌ని చూడండి. 'ప్రొవైడ్స్ ... విత్' లైన్ ఉందా? క్లాస్ పబ్లిక్‌గా ఉండి, ఆర్గ్యుమెంట్లు లేని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ గానీ, ప్రొవైడర్ అనే పబ్లిక్ స్టాటిక్ మెథడ్ గానీ ఉందా? ప్యాకేజీని ఎక్స్‌పోర్ట్ చేయక్కర్లేదు. 2017లో జావా 9తో మాడ్యూళ్లు వచ్చాక ఇంకో మార్పు జరిగింది. మాడ్యూల్-ఇన్ఫో ఉన్న జార్‌ని మాడ్యూల్ పాత్‌లో పెడితే, మెటా-ఇన్ఫ్ లోపలి సర్వీసెస్ ఫోల్డర్‌ని (ప్రొవైడర్ల పేర్లు రాసే పాత పద్ధతి) జావా పట్టించుకోదు. అదే జార్ మాడ్యూళ్లకి ముందు నుంచీ ఉన్న క్లాస్ పాత్‌లో ఉంటే పట్టించుకునేది ఆ ఫోల్డర్‌నే, మాడ్యూల్-ఇన్ఫోని కాదు. రెండు చోట్లా నడవాల్సిన లైబ్రరీలో రెండూ ఉంచండి.

3. మాడ్యూల్ అసలు వచ్చిందా? షో-మాడ్యూల్-రిజల్యూషన్ అనే ఆప్షన్‌తో జావాని నడపండి. ఏ మాడ్యూల్ దేన్ని తెచ్చుకుందో వరసగా ప్రింట్ అవుతుంది. సర్వీస్ కోసం వచ్చిన మాడ్యూళ్ల పక్కన 'బైండ్స్' అని కనిపిస్తుంది. మీ ప్రొవైడర్ అక్కడ లేకపోతే కోడ్‌లో ఎంత వెతికినా దండగ. మా ప్రింటింగ్ మాడ్యూల్ తప్పిపోయింది జేలింక్ దగ్గర, అంటే కావలసిన మాడ్యూళ్లతో సొంత జావా ఇమేజ్ తయారుచేసే టూల్ దగ్గర. మాడ్యూల్-ఇన్ఫోలో రిక్వైర్స్ అని రాసినవాటిని అది తీసుకుంటుంది, కేవలం సర్వీస్ ఇచ్చే మాడ్యూళ్లని తనంతట తాను తీసుకోదు. బైండ్-సర్వీసెస్ ఆప్షన్ ఇస్తే తెస్తుంది గానీ, అక్కర్లేనివి కూడా చాలా లాక్కొస్తుంది. కావలసిన మాడ్యూల్ పేరుని యాడ్-మాడ్యూల్స్‌లో రాయడమే మేలు.

4. ఇప్పుడు స్టార్టప్ వరస. వేర్వేరు మాడ్యూళ్లలోని ప్రొవైడర్లు ఏ వరసలో వస్తాయో జావా హామీ ఇవ్వదు. ఒకే మాడ్యూల్‌లో ఉన్నవి మాత్రం ప్రొవైడ్స్ లైన్‌లో రాసిన వరసలో వస్తాయి. ఇన్నాళ్లూ డేటాబేస్ ముందు, రిపోర్టులు తర్వాత లేచాయంటే అది అదృష్టం, రేపు ప్యాకేజింగ్ మారితే తలకిందులు కావచ్చు. వరస మీరే పెట్టండి. ఇంటర్‌ఫేస్‌లో ప్రాధాన్యం చెప్పే ఒక అంకె, స్టార్ట్ అనే మెథడ్ ఉంచండి. అన్నిటినీ లోడ్ చేసి, అంకె ప్రకారం సార్ట్ చేసి, అప్పుడు స్టార్ట్ పిలవండి. ఒకదానిపై ఒకటి ఆధారపడేవి పెరిగితే అంకెలు చాలవు, ఏది దేని తర్వాతో పేర్లతోనే చెప్పించాలి.

కన్‌స్ట్రక్టర్‌లో కనెక్షన్లు తెరవకండి, ఫైళ్లు చదవకండి. అక్కడ ఎక్సెప్షన్ వస్తే 'కుడ్ నాట్ బీ ఇన్‌స్టాన్షియేటెడ్' అని కనిపిస్తుంది, అసలు సంగతి కింద 'కాజ్డ్ బై' దగ్గర ఉంటుంది. కన్‌స్ట్రక్టర్‌లోంచి అదే సర్వీస్‌ని మళ్లీ లోడ్ చేస్తే చుట్టూ తిరిగి అక్కడికే వస్తారు. జావా సొంత ఫైల్‌సిస్టమ్ ప్రొవైడర్ల కోడ్‌లోనే ఇలాంటి చక్రాన్ని పట్టుకుని ఎర్రర్ ఇచ్చే తనిఖీ ఉంది.

ఇంకొకటి. లోడ్‌ని పిలిచిన ప్రతిసారీ కొత్త లోడర్, దాని నుంచి కొత్త ఆబ్జెక్టులు వస్తాయి. రెండు చోట్ల పిలిస్తే ఒకే సర్వీస్ రెండుసార్లు లేచి, 'పోర్ట్ ఇప్పటికే వాడుకలో ఉంది' అని రెండోది పడిపోవచ్చు. ఒక్కచోట లోడ్ చేసి, ఆ జాబితానే అందరికీ ఇవ్వండి. లోడర్ థ్రెడ్-సేఫ్ కూడా కాదు, అంటే ఒకేసారి పలు థ్రెడ్‌లు వాడితే తేడా చేయొచ్చు, కాబట్టి ఈ పని మెయిన్ థ్రెడ్‌లోనే ముగించండి.

ఆ బిల్లింగ్ గొడవ తర్వాత మా బిల్డ్‌కి చివర ఒక అడుగు చేర్చాం. తయారైన ఇమేజ్‌లోని జావాతో లిస్ట్-మాడ్యూల్స్ నడిపి, ప్రింటింగ్ మాడ్యూల్ పేరు కనిపించకపోతే బిల్డ్ ఫెయిల్ చేస్తాం.