క్రెడిట్ రిపోర్ట్ క్లీన్‌గానే ఉంది, మరి లోన్ ఎందుకు ఆగింది? అమెరికాలో పబ్లిక్ రికార్డులతో వచ్చే చిక్కులు

సమస్య: స్కోర్ బాగుంది, రిపోర్ట్‌లో వంక పెట్టడానికి ఏం లేదు, తీరా ఇల్లు కొనబోతే "మీ పేరు మీద లీన్ ఉంది, ముందు అది తేల్చుకోండి" అని ఫైల్ ఆపేశారు. లీన్ అంటే బాకీ తీరేదాకా మీ ఆస్తి మీద బాకీ రావాల్సినవాళ్లకి ఉండే హక్కు.

కారణం: క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే బ్యూరోలు ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడూ 2017 జూలైలో కోర్టు జడ్జిమెంట్లు (బాకీ కట్టమని కోర్టు ఇచ్చిన తీర్పులు), ట్యాక్స్ లీన్లు రిపోర్టుల్లోంచి తీసేయడం మొదలుపెట్టి 2018 ఏప్రిల్‌కల్లా ఆ పని పూర్తి చేశాయి, ఇప్పుడు రిపోర్ట్‌లో కనబడే పబ్లిక్ రికార్డ్ దివాలా ఒక్కటే. కానీ రిపోర్ట్‌లోంచి పోయిందంటే ఆస్తి కాగితాలు రికార్డయ్యే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులోంచి పోయినట్టు కాదు, ఇల్లు కొనేటప్పుడు ఆస్తి మీద చిక్కులున్నాయేమో చూసే టైటిల్ కంపెనీ వెతికేది అక్కడే.

ఏం చేయాలి: ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) లీన్ అయితే బాకీ మొత్తం కట్టాక 30 రోజుల్లో వాళ్లు రిలీజ్ ఇవ్వాలి, అది కౌంటీలో రికార్డ్ అయిందో లేదో మీరే చూసుకోండి. జడ్జిమెంట్ దగ్గరే జనం దెబ్బతింటారు, డబ్బు కట్టేశాం కదా అని వదిలేస్తారు, డబ్బు తీసుకున్న అవతలివాళ్లు "సాటిస్‌ఫాక్షన్ ఆఫ్ జడ్జిమెంట్" (తీర్పు బాకీ తీరింది) అనే కాగితం కోర్టులో ఫైల్ చేయకపోతే ఎన్నాళ్లయినా అది బాకీగానే కనబడుతుంది. రాతపూర్వకంగా అడిగి ఫైల్ చేయించండి, లీన్ రికార్డయిన కౌంటీలో కూడా సర్టిఫైడ్ కాపీ రికార్డ్ చేయించండి.

సమస్య: నేను ఎప్పుడూ దివాలా తీయలేదు, రిపోర్ట్‌లో మాత్రం ఉంది.

కారణం: పేరు కలిసిన ఇంకొకరి ఫైల్ మీదాంట్లో కలిసిపోయి ఉండొచ్చు. కోర్టుకి ఫోన్ చేస్తే మేం బ్యూరోలకి ఏమీ పంపం అంటారు, అది నిజమే, పేసర్ అనే కోర్టు సైట్‌లో ఎవరైనా చూడగలిగే రికార్డుల్ని మధ్యలో డేటా కంపెనీలు సేకరించి బ్యూరోలకి అమ్ముతాయి.

ఏం చేయాలి: పేసర్‌లో కేసు తీసి సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి నాలుగు అంకెలు చూడండి, మీవి కాకపోతే ఆ పేజీ జతచేసి తప్పు చూపిస్తున్న ప్రతి బ్యూరోకీ డిస్ప్యూట్ (ఇది తప్పు, సరిచేయండి అనే ఫిర్యాదు) పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. బ్యూరోకి ఆ డేటా ఇచ్చిన కంపెనీకి కూడా డిస్ప్యూట్ పెట్టడం మర్చిపోవద్దు, అక్కడ తప్పు అలాగే ఉంటే మళ్లీ పాకుతుంది.

సమస్య: ఇల్లు కొన్న కొన్నాళ్లకే లెండర్ పేరు, లోన్ మొత్తం వేసి మరీ ఉత్తరాలు వస్తున్నాయి.

కారణం: మీ డేటా ఎవరో దొంగిలించారని కంగారు పడొద్దు. మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) కాగితం కౌంటీలో రికార్డవుతుంది, అందులో అవన్నీ ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు.

ఏం చేయాలి: "డీడ్ (ఇంటి దస్తావేజు) కాపీ కావాలంటే డబ్బు పంపండి" అన్నవి చించి పారేయండి, అదే కాపీ కౌంటీలో చాలా తక్కువకి దొరుకుతుంది. ముందస్తు క్రెడిట్ కార్డ్ ఆఫర్లు వద్దని పెట్టే ఆప్ట్‌అవుట్ ఈ ఉత్తరాల్ని ఆపదు, ఎందుకంటే అది బ్యూరోలు అమ్మే లిస్టులకే పనిచేస్తుంది. పేరు కొడితే అడ్రస్ చూపించే సైట్లకి విడివిడిగా తీసేయమని పెట్టాలి, కొన్ని నెలలకి మళ్లీ చూసుకోవాలి, ఓపిక కావాలి నిజంగా. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకి మాత్రం 2026 జనవరి నుంచి డ్రాప్ అనే ప్రభుత్వ సైట్ ఉంది, అక్కడ రిజిస్టరైన డేటా బ్రోకర్లందరికీ (జనం వివరాలు సేకరించి అమ్మే కంపెనీలు) మీ వివరాలు తీసేయమని ఒకే రిక్వెస్ట్ పెట్టొచ్చు, అయితే కౌంటీలో ఉన్న అసలు రికార్డ్ దానితో పోదు.