మొక్కను చదువుదాం – 7వ పాఠం: చెనక్కాయ ఊడ

గత పాఠంలో పువ్వు కోసి అండాశయం, అంటే కాయగా మారే భాగం, వెతికారు. మందారంలో అది సులువు. వేరుశనగ (చెనక్కాయ) పువ్వులో మాత్రం చాలామంది తప్పు చోట వెతుకుతారు. పసుపు పువ్వు కింద సన్నగా, పొడుగ్గా ఉండేది కాడ కాదు, గొట్టం. అండాశయం ఆ గొట్టం అడుగున, ఆకు కణుపులో దాక్కుని ఉంటుంది. కీలం, అంటే పుప్పొడి అందుకునే కొసను అండాశయంతో కలిపే సన్నని పోగు, ఆ గొట్టం లోపలినుంచే పైకి వస్తుంది.

కావలసినవి: 12 అంగుళాల కుండీ, అడుగున నీరు పోయే రంధ్రం. ఎర్రమట్టి రెండు వంతులు, ఇసుక ఒకటి, మాగిన పశువుల ఎరువు ఒకటి. విత్తనానికి ఎర్ర పొర చిట్లకుండా ఒలిచిన పప్పు కావాలి, వేయించినది మొలవదు. నారాయణి, ధరణి దొరికితే మంచిది. రెండూ తిరుపతి పరిశోధన స్థానం రకాలే, దాదాపు 100 రోజుల్లో కోతకొస్తాయి. 5 సెంటీమీటర్ల లోతున రెండు గింజలు నాటి, మొలిచాక బలమైన దాన్ని ఉంచండి.

సుమారు 25–30 రోజులకు పూత మొదలవుతుంది. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, అప్పటికే ఆత్మపరాగ సంపర్కం (తన పుప్పొడి తనకే అందడం) అయిపోయి ఉంటుంది. మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది కాబట్టి ఉదయాన్నే ఆ కణుపుకు రంగు దారం కట్టి తేదీ రాసుకోండి. వారం లోపు అక్కడినుంచి ఊదా రంగు మొన ఒకటి బయటికొస్తుంది. అదే ఊడ.

ఊడను వేరనుకోవడం మామూలు పొరపాటు. వేరు కొసను టోపీలా కాపాడే వేరు తొడుగు దానికి ఉండదు. కొసలో ఉన్నది ఫలదీకరణ చెందిన అండాశయం. దాని వెనకున్న విభాజ్య కణజాలం (విభజన చెందుతూ ఉండే కణాల గుంపు) పెరుగుతూ దాన్ని కిందికి తోస్తుంది. గురుత్వానువర్తనంలో, అంటే భూమి ఆకర్షణకు స్పందించడంలో మాత్రం వేరులాగే నేలవైపు వంగుతుంది. నేలలో కొన్ని సెంటీమీటర్లు దిగాక అడ్డంగా తిరిగి, ఉబ్బి కాయ అవుతుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఎత్తైన కణుపుల నుంచి దిగుతున్న రెండు ఊడలు ఎంచుకోండి. ఒకదాన్ని దారంతో పక్క కొమ్మకు కట్టి గాలిలోనే ఉంచండి. రెండోదాని కింద ఇటుక మీద కొబ్బరి చిప్ప పెట్టి, తడిమట్టి నింపి, ఊడ కొసను అందులోకి దించండి. మట్టి ఎండనివ్వకండి. మూడు వారాలకు చిప్పలో కాయ కడుతుంది. వెలుతురులో ఉన్నది కాస్త సాగి ఎండిపోతుంది. నేలకు 15 సెంటీమీటర్ల పైన పూసిన పువ్వుల్లో ఎక్కువ భాగం వృథా అయ్యేది ఇందుకే.

ఇప్పుడు అసలు విషయం. వేళ్లు పీల్చిన కాల్షియం దారువులో (నీటిని మోసే కణజాలంలో) నీటితో పాటు పైకి పోతుంది, బాష్పోత్సేకం జరిగే, అంటే నీరు ఆవిరయ్యే ఆకులకు చేరుతుంది. అక్కడినుంచి ఆకుల్లో తయారైన ఆహారాన్ని మోసే పోషక కణజాలం ద్వారా కిందికి దాదాపు రాదు. భూమిలోని కాయకు ఆవిరయ్యే అవకాశమే లేదు గనుక ఆ నీటి ప్రవాహం దానివైపు తిరగదు. అందుకే కాయ తన కాల్షియాన్ని తానే, చుట్టూ ఉన్న మట్టి నుంచి తొక్క ద్వారా పీల్చుకోవాలి. పైన మొక్క పచ్చగా కళకళలాడుతూనే కింద కాయలు లొట్టగా ఉండటానికి ఇదొక కారణం.

రైతులు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం (కాల్షియం ఉన్న ఖనిజం) వేసేది ఇందుకే. చదరపు మీటరుకు లెక్క కడితే సుమారు 50 గ్రాములు, మన కుండీకి మూడున్నర గ్రాములు. మొక్క మొదలు చుట్టూ చల్లి, పై 5 సెంటీమీటర్ల మట్టిలో కలిపి నీళ్లు పోయండి. మట్టి ఎండితే కాల్షియం కరగదు, జిప్సం వేసినా కాయకు అందదు. ఊడలు దిగే రోజుల్లో వాన ముఖం చాటేస్తే చేలో జరిగేదీ అదే. ఎండకు మట్టి పెచ్చు కడితే ఊడ గుచ్చుకోలేక పైనే వంకరపోతుంది. ఆ పెచ్చును ఊడలు రాకముందే వదులు చేయండి. 45 రోజులు దాటాక కుండీలో పుల్లతో కూడా కదపొద్దు, ఊడలు తెగుతాయి.

కోతకు ఒక కాయ తవ్వి తొక్క లోపలి వైపు చూడండి. నల్లబడితే ముదిరినట్టు, తెల్లగా ఉంటే ఇంకొన్ని రోజులు ఆగాలి. మొక్క పీకాక వేళ్లు పారేయకండి. వాటి మీది బుడిపెలు చితక్కుండా తడిగుడ్డలో చుట్టి ఉంచితే 8వ పాఠం బ్లేడుతో మొదలుపెట్టవచ్చు.