మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుందాం – 5: కాండ్ తిరకాసు

ఈసారి డేటాసెట్ల, అంటే మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌లో ఉండే ఫైళ్ల, గురించి చెబుతానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా. జేసీఎల్ అంటే మెయిన్‌ఫ్రేమ్‌కి ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే భాష; అందులో ఒక పని జాబ్, దానిలో ఒక్కో మెట్టు స్టెప్, స్టెప్‌కి పెట్టే షరతు కాండ్. కాండ్=(4,ఎల్‌టీ) ఉన్న స్టెప్ ఎప్పుడు నడుస్తుందని పోయినసారి ఇచ్చిన లెక్కకి జవాబులు పంపినవాళ్లలో ఎక్కువమంది కాండ్ దగ్గరే బోల్తా పడ్డారు. తప్పు నాదే, ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాను.

జాబ్ కార్డు (జాబ్ పేరు చెప్పే లైను), ఎగ్జెక్ (ఏ ప్రోగ్రామ్ నడపాలో), డీడీ (ఏ ఫైళ్లు వాడాలో) మళ్లీ చెప్పను. స్టెప్ ముగిశాక వచ్చే రిటర్న్ కోడ్ 0 అయితే శుభ్రం, 4 అయితే హెచ్చరిక, 8 వస్తే కంగారు పడాలి. అదీ తెలిసిందే.

కాండ్=(4,ఎల్‌టీ) చూసి (ఎల్‌టీ అంటే 'తక్కువ') మీరు "కోడ్ 4 కంటే తక్కువైతే ఈ స్టెప్ నడుస్తుంది" అని చదివారు. అందులో రెండు తప్పులున్నాయి. తక్కువా అని చూసేది కోడ్‌ని కాదు, మీరు రాసిన 4ని. పైగా కాండ్ అడిగేది నడపాలా అని కాదు, మానాలా అని!

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, నేను దాన్నే వాడుకుంటాను: "4 అనేది కోడ్ కన్నా తక్కువైతే, మానెయ్." కోడ్ 0 వస్తే? 4 సున్నా కన్నా తక్కువ కాదు, నడుస్తుంది. కోడ్ 4 వచ్చినా నడుస్తుంది. 8 వస్తే మానేస్తుంది. (0,ఎన్ఈ) అంటే "0 కోడ్‌కి సమానం కాకపోతే, మానెయ్." స్టెప్ పేరు రాయకపోతే ముందు నడిచిన స్టెప్పులన్నిటి కోడ్‌లూ చూస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమెరికా బ్యాంకు నైట్ బ్యాచ్ (రాత్రిపూట వరసగా నడిచే జాబులు) మా టీమ్ చూసేది. వాళ్ల రాత్రి మనకు పగలు కాబట్టి హైదరాబాద్‌లో టిఫిన్ చేసి కూర్చుంటే సరిపోయేది. స్టేట్‌మెంట్లు తీసే స్టెప్‌కి నేను (0,ఈక్యూ) పెట్టాను (ఈక్యూ అంటే 'సమానం'), "అంతా బాగుంటే నడువు" అనుకుని. అంతా బాగున్న ప్రతిసారీ అది మానేసింది. జాబ్ మాత్రం 0తో ముగిసింది, ఏ అలారమూ మోగలేదు. సాయంత్రం ఆరున్నరకి అక్కడ బ్రాంచీలు తెరిచాక ఫోన్ వచ్చింది. లాగ్‌లో ఆ స్టెప్ ఎదురుగా 'ఫ్లష్' అని ఉంది, అంటే నడపకుండా దాటేసిందని. పొద్దుట్నుంచీ నా కళ్ల ముందే ఉంది. అప్పట్నుంచి కోడ్ కన్నా ముందు ఫ్లష్‌లే లెక్కపెడతాను.

కొత్తగా రాసేటప్పుడు నేను ఇఫ్-దెన్-ఎల్సే ('ఇలా అయితే ఇది నడుపు, లేకపోతే అది') వాడతాను, మీరూ అదే వాడండి. మరి ఈ గోల ఎందుకంటే, జేసీఎల్ 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 మెయిన్‌ఫ్రేమ్ల తరంది, ఇఫ్ వచ్చింది చాలా తర్వాత. బ్యాంకులూ బీమా కంపెనీలూ యంత్రాలు మార్చాయి గానీ నడుస్తున్న జాబులు కదపవు. మీ చేతికి వచ్చేవి అవే.

ఒక స్టెప్ మధ్యలోనే కూలిపోతే, అంటే అబెండ్ అయితే, తర్వాతి స్టెప్పులు మామూలుగా నడవవు. కాండ్‌లో ఈవెన్ పెడితే అప్పుడు కూడా నడుస్తుంది, ఓన్లీ పెడితే అప్పుడు మాత్రమే నడుస్తుంది. ఇంతే.

అభ్యాసం. స్టెప్3లో కాండ్=((4,ఎల్‌టీ,స్టెప్1),(0,ఎన్ఈ,స్టెప్2)) ఉంది. రెంటిలో ఏ ఒక్కటి నిజమైనా మానేస్తుంది. స్టెప్1 కోడ్ 4. స్టెప్2 అసలు నడవలేదు, నడవని స్టెప్ మీద పెట్టిన పరీక్షని సిస్టమ్ పట్టించుకోదు. స్టెప్3 నడుస్తుందా? స్టెప్2 నడిచి 4తో ముగిసుంటే? రెండు జవాబులూ రాశాక, అదే జాబ్‌ని కాండ్ లేకుండా ఇఫ్‌తో తిరగరాయండి. కాగితం మీదే.