తూకం బాగుంది, పొర పనిచేయట్లేదు: గ్రాఫ్టెడ్ మెంబ్రేన్ సమస్యలు - పరిష్కారాలు

గ్రాఫ్టెడ్ మెంబ్రేన్ అంటే ఫ్యూయల్ సెల్‌లో ప్రోటాన్లను దాటించే పొర. ప్లాస్టిక్ ఫిల్మ్‌కు రేడియేషన్ ఇచ్చి, దానికి స్టైరీన్ గొలుసులు అతికించి (గ్రాఫ్టింగ్), ఆ గొలుసులకు సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు చేరుస్తారు (సల్ఫొనేషన్). ఈ కొలతలు 25 మైక్రాన్ల మందం ఉండి, ఫ్లోరిన్ కలిసిన ప్లాస్టిక్ అయిన ఇటిఎఫ్‌ఇ ఫిల్మ్‌వి. గాలిలో ఎలక్ట్రాన్ బీమ్‌తో 1.5 కిలోగ్రే రేడియేషన్ డోసు, ఆపైన స్టైరీన్ 20, ఐసోప్రొపనాల్ 70, నీళ్ళు 10 పాళ్ళ ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర గ్రాఫ్టింగ్. పెరిగిన బరువును మొదటి బరువుతో భాగించి వందతో గుణిస్తే గ్రాఫ్ట్ శాతం. వేరే ఫిల్మ్ వాడితే అంకెలు మారతాయి, కారణాలు మారవు.

సమస్య: బరువు అసలు పెరగలేదు

ముందు ఆక్సిజన్‌ను అనుమానించండి. ద్రావణంలో మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా పెరిగే గొలుసును అక్కడికక్కడే ఆపేస్తుంది. నైట్రోజన్‌ను కనీసం గంటసేపు బుడగలుగా పోనిచ్చి, వెంటనే సీలు వేయాలి. ఆ తర్వాత చూడాల్సింది స్టైరీన్ సీసా. నిల్వ కోసం అందులో కలిపిన ఇన్హిబిటర్‌ను (గొలుసు కట్టకుండా ఆపే పదార్థాన్ని) సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో కడిగి గానీ, అల్యూమినా కాలమ్ గుండా పంపి గానీ తీసెయ్యాలి.

ఈ రెండూ సరిగ్గా ఉంటే తప్పు రవాణాలో జరిగి ఉండొచ్చు. రేడియేషన్ బయట చేయించి నెల్లూరుకో ఒంగోలుకో తెప్పించుకునే ఫిల్మ్ ఎండాకాలం పార్సిల్లో వేడెక్కితే, గ్రాఫ్టింగ్‌ను మొదలెట్టే లోపలి రాడికల్స్ (రేడియేషన్ మిగిల్చిన చురుకైన చోట్లు) తగ్గిపోతాయి. డ్రై ఐస్ వేసిన థర్మోకోల్ పెట్టెలో తెప్పించండి, రాగానే మైనస్ 80 ఫ్రీజర్లో పెట్టండి. మామూలు ఫ్రిజ్ చాలదు. అదే కట్టలో ఒక ముక్కను రాగానే గ్రాఫ్ట్ చేసి చూసుకుంటే, తర్వాత ఏం తేడా వచ్చినా నిల్వదో ద్రావణానిదో తేలిపోతుంది.

సమస్య: ద్రావణం పాలలా మారింది, ఫిల్మ్ జిగటగా ఉంది

అది ఫిల్మ్‌కు అతకని పాలీస్టైరీన్. దాన్ని కడగకుండా తూస్తే గ్రాఫ్ట్ శాతం ఉత్త అబద్ధం. టోలుయీన్‌లో రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్లో బరువు నిలకడయ్యేదాకా ఆరబెట్టి తూచండి. ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోతుంటే మధ్యలో వడపోత కాగితం పెట్టండి.

సమస్య: తూకం బాగుంది, విద్యుత్ నిరోధకత ఎక్కువ

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఇటిఎఫ్‌ఇ తనంతట తాను ద్రావణాన్ని పీల్చుకోదు. గ్రాఫ్టింగ్ రెండు ముఖాల నుంచి మొదలై, ఉబ్బిన భాగం గుండా మోనోమర్ (ఇక్కడ స్టైరీన్) లోపలికి జరుగుతూ మధ్యకు చేరాలి. చేరకముందే ఆపేస్తే నడుమ ఉత్త ప్లాస్టిక్ మిగులుతుంది. ప్రోటాన్ దాన్ని దాటలేదు. పరీక్ష సులువు: ఫిల్మ్ వెంబడి కొలిస్తే వాహకత బాగుండి, మందం గుండా కొలిస్తే పడిపోతుంటే నడుమ ఖాళీ ఉన్నట్టే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో అడ్డకోత మీద సల్ఫర్ మ్యాప్ తీయిస్తే సందేహం ఉండదు.

దీనికి డోసు పెంచడం మందు కాదు. అప్పుడు గొలుసులు పైపైనే దట్టంగా పెరుగుతాయి. సమయం పెంచండి. గొలుసులను ఒకదానికొకటి కట్టే డివినైల్ బెంజీన్ ఎక్కువ వేసి ఉంటే తగ్గించండి, అది వల బిగించి మోనోమర్ దారి మూసేస్తుంది. ఐసోప్రొపనాల్ బదులు టోలుయీన్‌తో గ్రాఫ్ట్ చేద్దామన్న ఆలోచన వద్దు, దిగుబడి పడిపోతుంది.

సమస్య: సల్ఫొనేషన్‌లో పొర నల్లబడింది, పెళుసెక్కింది

క్లోరోసల్ఫోనిక్ ఆమ్లం ఎక్కువైంది, లేదా వేడెక్కింది. డైక్లోరోమీథేన్‌లో ఘనపరిమాణంలో 2 శాతం, గది ఉష్ణోగ్రతలో 5 గంటలు చాలు. అయితే ఆ ద్రావకం 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఏసీ లేని ల్యాబ్ ‘గది ఉష్ణోగ్రత’ కిందికి రాదు, సీసా మూత తీస్తేనే బుస్సుమంటుంది. ఆ నెలల్లో చల్లటి నీళ్ళ తొట్టిలో పెట్టి చేయండి, తొట్టి నీళ్ళు మాత్రం లోపల పడకూడదు. ఈ ఆమ్లం నీటితో భగ్గుమంటుంది, గాలిలో తేమ తగిలినా పొగలు కక్కుతుంది. ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. మామూలు నైట్రైల్ గ్లౌజుల్లోంచి డైక్లోరోమీథేన్ నిమిషాల్లో దూరిపోతుంది, లామినేట్ గ్లౌజులు వాడాలి.

సమస్య: అయాన్ మార్పిడి సామర్థ్యం తక్కువ

గ్రాఫ్ట్ 25 శాతమై, ప్రతి బెంజీన్ వలయానికీ ఒక సల్ఫోనిక్ సమూహం చేరితే లెక్క ప్రకారం గ్రాము పొరకు 1.66 మిల్లీమోల్ మార్పిడి స్థానాలు రావాలి, ఇదే అయాన్ మార్పిడి సామర్థ్యం. బాగా తగ్గితే పొరను 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని గంటలు ఉంచి, డీఅయనైజ్డ్ నీటితో కడిగి మళ్ళీ టైట్రేట్ చేయండి (క్షారంతో ఆమ్లాన్ని కొలవండి). అంకె పెరిగితే నీళ్ళదే తప్పు: ప్రకాశం జిల్లా బోరునీళ్ళలో మరిగించిన పొరలో ప్రోటాన్ల స్థానంలో కాల్షియం కూర్చుంటుంది. పెరగకపోతే సల్ఫొనేషన్ తర్వాతి జలవిశ్లేషణ చాలకపోయి ఉండొచ్చు, 80 డిగ్రీల నీటిలో 8 గంటలు ఉంచండి. సముద్రపు గాలికి తేమ పీల్చుకున్న పొరను తూచినా అంకె తగ్గుతుంది. డెసికేటర్లోంచి తీసిన వెంటనే తూకం వేయాలి.

సమస్య: ఫ్యూయల్ సెల్ మొదట బాగా నడిచి, తర్వాత ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (లోడు లేనప్పటి వోల్టేజి) పడిపోతోంది

వాయువులు పొర దాటుతున్నాయి. స్టైరీన్ గొలుసులోని ఆల్ఫా హైడ్రోజన్‌ను హైడ్రాక్సిల్ రాడికల్స్ లాగేసి గొలుసును తెంపుతాయి. డివినైల్ బెంజీన్ క్రాస్‌లింకింగ్ కొంత కాపాడుతుంది, ఆల్ఫా మిథైల్ స్టైరీన్‌కు మిథాక్రిలోనైట్రైల్ జోడిస్తే ఇంకా నయం. ఇనుము తగిలితే ఈ అరుగుదల వేగం అందుకుంటుంది. ఇనుప చిమటాలు, తుప్పు పైపుల నీళ్ళు దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ చిమటా రేటు ఎంతని.